మేడ మీద సోలార్, ఇంటి ముందు స్తంభం

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రెండంతస్తుల పాత డాబా, దక్షిణం వైపు రోడ్డు. టీచరుగా రిటైరయ్యాను. మావారు పోయి నాలుగేళ్ళయింది, కరెంటు బిల్లు ఇంకా వారి పేరు మీదే వస్తోంది. ఎండాకాలం నెలకు 400 యూనిట్లు దాటుతోందని 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోవాలనుకుంటున్నాను. చూడ్డానికి వచ్చినతను మేడ మీద తొమ్మిదడుగుల ఎత్తున ఇనప ఫ్రేము కట్టి పలకలు బిగిస్తానన్నాడు. కింద నీడలో కుర్చీలు వేసుకోవచ్చట. మునిసిపాలిటీ పర్మిషన్ ఏమీ అక్కర్లేదన్నాడు. పక్కింటివారేమో టౌన్ ప్లానింగ్ వాళ్ళొచ్చి పీకేస్తారంటున్నారు. ఇంకో బాధ కూడా ఉంది. మా పిట్టగోడకి చెయ్యి చాపితే అందేంత దూరంలో కరెంటు స్తంభం, దానికి ఉండలు ఉండలుగా కేబుల్ వైర్లు. ఆ కేబుల్ వాళ్ళలో ఒకళ్ళు మమ్మల్ని అడక్కుండానే పిట్టగోడకి ఒక డబ్బా బిగించిపోయారు. పలకలు పెట్టేలోపు అవన్నీ కోయించేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఎవర్ని అడగాలో, ఏది ముందు చెయ్యాలో తోచడం లేదు.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరమూ, మీ అబ్బాయి తీసి పంపిన ఫొటోలూ చూశాను. రెండు మాటలు ముందే చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. ఆ వైర్లలో ఒక్కటి కూడా మీరు కోయించకండి. ఫ్రేముకి అడ్వాన్సు ఇంకా ఇచ్చి ఉండకపోతే, స్తంభం మీది కరెంటు తీగకీ మీ పిట్టగోడకీ మధ్య దూరం ఎంతో తేలేదాకా ఇవ్వకండి.

నేను ముప్పై ఏళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. సోలార్ గురించి అడిగేవాళ్ళు ఎప్పుడూ పర్మిషన్ దగ్గర మొదలుపెడతారు. నేను తీగ దగ్గర మొదలుపెడతాను. మీ ఫొటోలో స్తంభం ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం. దాంట్లో ఆరో వంతు భూమిలో ఉంటుంది కాబట్టి పైన కనిపించేది ఆరున్నర మీటర్లకి కాస్త ఎక్కువ. రెండంతస్తుల డాబా ఎత్తు కూడా సుమారుగా అంతే. అంటే స్తంభం కొసన ఉన్న, తొడుగు లేని ఉట్టి తీగలు సరిగ్గా మీ పిట్టగోడ ఎత్తున పోతున్నాయి. పాత పేటల్లో చాలా ఇళ్ళకి ఇదే పరిస్థితి. స్తంభాలు వేసిన రోజుల్లో ఆ ఇళ్ళు పెంకుటిళ్ళో, ఒక్క అంతస్తు డాబాలో. తర్వాత ఇళ్ళు లేచాయి గానీ స్తంభాలు లేవలేదు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో దీనికి లెక్క ఉంది. ఇళ్ళకిచ్చే మామూలు లైను భవనం మీదుగా పోతే నిలువునా కనీసం 2.5 మీటర్లు, పక్కగా పోతే 1.2 మీటర్లు ఎడం ఉండాలి. లెవెన్ కేవీ (11 వేల వోల్టుల) లైనుకైతే నిలువునా 3.7 మీటర్లు, పక్కకి 1.2 మీటర్లు. పక్కకి 1.2 మీటర్లంటే నాలుగడుగులు. ఈ ఎడం గాలికి తీగ ఊగినప్పుడు కూడా మిగలాలి, మే నెల ఎండకి వేడెక్కి సాగి వేలాడినప్పుడు కూడా మిగలాలి. చెయ్యి చాపితే అందుతుందని మీరే రాశారు. అక్కడ నాలుగడుగులు లేవు. ఇప్పుడు ఇల్లు ఉన్న తీరే ప్రమాదం, దాని మీద ఇనప ఫ్రేము లేపితే మరీను.

ఆ నిబంధనల్లోనే ఇంకో సంగతి ఉంది, సోలార్ అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. లైను వేసి ఉన్న చోట తర్వాత ఎవరైనా భవనం కట్టినా, ఉన్న భవనానికి శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ ఏదైనా కలిపినా, ముందుగా విద్యుత్ సంస్థకీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. తొమ్మిదడుగుల ఫ్రేము కలపడమే అవుతుంది. లైను జరపాల్సొస్తే ఆ ఖర్చు కలిపేవారిదే. కాబట్టి "ఎవరి పర్మిషనూ అక్కర్లేదు" అన్న మాటని అక్కడే పక్కన పెట్టండి.

దూరం కొలవడానికి మాత్రం మీరు గానీ, మీ అబ్బాయి గానీ పూనుకోకండి. ఇనప టేపు పట్టుకుని తీగ వైపు చాపినవాళ్ళని నేను చూశాను. మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి అర్జీ ఇస్తే లైన్‌మన్‌ని పంపి చూపిస్తారు. ఏం రాయాలో చివర్లో చెబుతాను.

దూరం చాలకపోతే మూడు దారులున్నాయి. ఉట్టి తీగలు తీసేసి ఏబీ కేబులు వెయ్యడం ఒకటి. అది తొడుగున్న తీగల్ని కలిపి పేనిన కేబులు. ఇరుకు సందుల్లో నా లెక్కన మేలైన పరిష్కారం అదే. స్తంభాన్ని జరపడం రెండోది. దానికి ఎస్టిమేట్ వేస్తారు, డబ్బు మీరే కట్టాలి, జరిపిన చోట ఎదురింటివారు ఒప్పుకోవాలి. మూడోది చవక: పలకల్ని ముందు పిట్టగోడ నుంచి వెనక్కి, ఉత్తరానికి జరిపి పెట్టడం. మీకు 540 వాట్ల పలకలు ఆరు చాలు. నడవడానికి దారితో కలిపి మూడు వందల చదరపు అడుగులు సరిపోతుంది. మీ మేడ అంతకి మూడింతలుంది. రోడ్డు వైపు ఆరేడడుగులు పూర్తిగా ఖాళీగా వదిలెయ్యమనండి. నిబంధన ప్రకారం నాలుగడుగులు చాలుగా అంటాడు ఆ సోలార్ అతను. పలకలు కడగడానికి వచ్చే కుర్రాడి చేతిలో పది పన్నెండడుగుల అల్యూమినియం కర్ర ఉంటుంది. ఆ కర్రకి నిబంధన తెలియదు. పలకలు పెట్టిన రోజు కంటే వాటిని నెలనెలా కడిగే పాతికేళ్ళే నాకు భయం. కడిగే కర్ర ఫైబరుదో ప్లాస్టిక్‌దో కొనిపించండి, దాన్ని మీ ఇంట్లోనే ఉంచుకోండి.

వెనక్కి జరిపితే ఇంకో లాభం. రోడ్డు దక్షిణం వైపు అన్నారు కదా, స్తంభం నీడ పడేది మీ మేడ ముందు భాగం మీదే. గుంటూరు ఉన్న చోట డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నీడలు పొడుగ్గా పడతాయి. పలకల్ని ఒకదాని వెంట ఒకటి వరసగా కలుపుతారు కాబట్టి ఒక పలక మీద నీడ పడితే వరస మొత్తం మీద దెబ్బ పడుతుంది. నీళ్ళ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ, స్తంభం నీడ ఉదయం తొమ్మిదికీ, సాయంత్రం మూడింటికీ ఎక్కడెక్కడ పడతాయో సుద్దముక్కతో నేల మీద గీసుకోండి. ఇప్పుడు గీసిన గీతలు డిసెంబరులో ఉత్తరానికి ఇంకా జరుగుతాయని గుర్తుంచుకోండి. పలకలు దక్షిణానికి వాలుగా, పదిహేను పదహారు డిగ్రీల వాటంతో ఉంటే మన ఊళ్ళకి సరిపోతుంది.

ఇక కార్పొరేషన్ సంగతి. మీ పక్కింటివారిదీ, ఆ అమ్మే అతనిదీ సగం సగం నిజం. సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం దరఖాస్తులో మునిసిపల్ అనుమతి పత్రం అడగరు. మేడ మీద అడుగు, రెండడుగుల ఎత్తున స్టాండు వేసి పలకలు బిగించుకుంటే టౌన్ ప్లానింగ్ వాళ్ళు మీ జోలికి వచ్చిన సందర్భం నేను చూడలేదు. తొమ్మిదడుగుల ఫ్రేము సంగతి వేరు. ఇవాళ నాలుగు వైపులా ఖాళీగానే ఉంటుంది. వచ్చే వానాకాలం జల్లు కొడుతోందని ఒక వైపు రేకు కడతారు. ఆ మర్నాడు రెండో వైపు. అప్పుడది సోలార్ కాదు, ప్లాను లేని మూడో అంతస్తు. నోటీసు వచ్చేది అప్పుడు, ఇంటి పన్ను లెక్క మారేది కూడా అప్పుడు. మీకు ఎత్తు ఫ్రేమే కావాలంటే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. కొలతలతో గీసిన బొమ్మ ఇచ్చి, గోడలూ రేకులూ ఉండవని రాసి, రసీదు తీసుకోండి. అదేమంత కష్టమైన పని కాదు.

నన్నడిగితే ఎత్తు ఫ్రేము వద్దంటాను. నోటీసు భయంతో కాదు, గాలి వల్ల. భవనాల మీద గాలి వత్తిడికి మన దేశంలో వాడే ప్రమాణంలో విజయవాడకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన రోజు గుంటూరు జిల్లాలో ఉన్నవాళ్ళకి గాలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆరు పలకలు కలిస్తే పదహారు చదరపు మీటర్లు, తెరచాప అంత. దాన్ని తొమ్మిదడుగుల ఎత్తున నిలబెట్టి, నలభై ఏళ్ళ స్లాబుకి నాలుగు బోల్టులు కొట్టి వదిలేస్తే గాలి లాగేది పైకి. స్లాబు పగులుతుంది, ముందు కారుతుంది, తర్వాత ఊడుతుంది. "ఈ ఫ్రేము ఎంత గాలికి లెక్కవేశారు?" అని అతన్ని ఒక్క ప్రశ్న అడగండి. 180 అని కాగితం మీద రాసి ఇంజనీరు సంతకంతో ఇస్తే మాట్లాడండి. "ఏం కాదమ్మా, వంద ఇళ్ళకి వేశాం" అంటే ఇంకొకర్ని చూసుకోండి.

ఇప్పుడు ఆ వైర్ల ఉండ గురించి.

మీ ఫొటోని పెద్దది చేసి లెక్కపెట్టాను. స్తంభానికి పదిహేడు నల్ల వైర్లున్నాయి. అందులో మీ సర్వీసు వైరూ, చుట్టుపక్కల ఇళ్ళ సర్వీసు వైర్లూ కలిపి నాలుగు. మిగతా పదమూడూ ఇంటర్నెట్టూ, కేబుల్ టీవీవీ. ఆ పదమూడింట్లో కనీసం ఐదారు చచ్చిన వైర్లు. ఒకటి కొస తెగి గాల్లో వేలాడుతోంది, ఇంకొకటి చుట్ట చుట్టి బైండింగ్ తీగతో కట్టేసి ఉంది. కేబులు టీవీ డిజిటల్‌కి మారినప్పుడు పాత వైర్లు పీకాల్సినవాళ్ళు పీకలేదు, కొత్తవి పైన వేసుకుంటూ పోయారు. మీ సందులోనే కాదు, విజయవాడ సత్యనారాయణపురం వెళ్ళినా, గవర్నరుపేట వెళ్ళినా ఇదే దృశ్యం.

స్తంభం విద్యుత్ సంస్థది. మీ గుంటూరుకీ, మా విజయవాడకీ అది ఏపీసీపీడీసీఎల్. స్తంభం మీద వీధి దీపం మాత్రం కార్పొరేషన్‌ది. ఆ దీపం ఆరిపోతే సచివాలయానికి చెబుతాం, తీగ తెగితే 1912కి చేస్తాం, అదే తేడా. డివైడర్ మధ్యలో ఉన్న లైటింగు స్తంభాలు ఎక్కువగా కార్పొరేషన్‌వే. కాబట్టి ఎవరైనా కేబులు కట్టాలంటే స్తంభం ఎవరిదైతే వారి అనుమతి తీసుకోవాలి, అద్దె కట్టాలి. అనుమతితో కట్టినవీ ఉన్నాయి. ఏపీ ఫైబర్‌నెట్ కేబులు రాష్ట్రంలో వేల కిలోమీటర్లు కరెంటు స్తంభాల మీదుగానే పోయింది.  టెలికాం కంపెనీలు వీధి స్తంభాల మీద కేబులు లాగడానికి స్తంభానికి ఏడాదికి 100 రూపాయలని కేంద్రం 2022లో నిబంధనల్లో పెట్టింది. 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే (కేబుళ్ళు లాగే హక్కు) నిబంధనలు వచ్చాయి. చెప్పేదేమిటంటే, మీ స్తంభం మీద ఉన్న వైర్లలో ఏది అనుమతితో ఉందో, ఏది దొంగదో మీకూ నాకూ కింద నిలబడి చూస్తే తెలియదు. కోస్తే ఎవరి ఇంట్లోనో ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లకి నెట్ పోతుంది, ఏ నర్సింగ్ హోమ్‌దో బిల్లింగు ఆగుతుంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం వైర్లు పాడుచేసినవారి మీద జరిమానా కూడా ఉంది. అన్నిటికంటే ముందు, నల్లగా ఉన్న ప్రతి వైరూ కేబుల్ వైరు కాదు. పదిహేడింట్లో నాలుగు కరెంటువని చెప్పాను కదా.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాదులో స్తంభాల మీది కేబుళ్ళని పెద్దఎత్తున కోశారు, ఎన్నో ఇళ్ళకి నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. మనుషులు పోయాక కోయడం కంటే ముందుగానే ఒక్కో వైరుకీ పేరుపట్టీ కట్టించి, పేరులేనివాటిని తీయించడం మేలు. అది చెయ్యాల్సింది స్తంభం యజమాని, చేయించాల్సింది మనం.

మీ పిట్టగోడకి బిగించిన డబ్బా సంగతి మాత్రం వేరు. గోడ మీది. మీ ఇంటి గోడకి ఏదైనా తగిలించాలంటే మీతో మాట్లాడి ఒప్పందం చేసుకోవాలి, టెలికాం చట్టం చెప్పేదీ అదే. డబ్బా మీద కంపెనీ పేరో, ఫోను నంబరో ఉంటుంది. ఫొటో తీసి, పదిహేను రోజుల్లో తియ్యమని రాతపూర్వకంగా అడగండి. మీరే ఊడదీయకండి. అందులోకి కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకున్నారో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. వీధి దీపం నుంచి లాగినవీ నేను చూశాను.

నాకు ఈ వైర్ల ఉండంటే ఎందుకింత పట్టింపో చెప్పాలి. రాత్రి పదకొండింటికి మీ వీధిలో కరెంటు పోతే స్తంభం ఎక్కేది లైన్‌మన్. ఆ ఉండ వల్ల నిచ్చెన ఆనించడానికి చోటు దొరకదు. నడుముకి బెల్టు కట్టుకోవడానికి చోటుండదు. టార్చి నోట్లో పెట్టుకుని, ఏది తన వైరో ఏది కాదో తడుముకుంటాడు. వాన పడుతుంటుంది. కింద నుంచి "ఇంకెంతసేపు" అని అరుస్తుంటారు.

ఈ లైన్‌మన్‌ని గుర్తు పెట్టుకుంటే సోలార్‌లో ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోగానే ఎందుకు ఆగాలో కూడా తేలిగ్గా అర్థమవుతుంది. నా సర్వీసులో ఒకసారి, ఊరి పేరు వద్దు, లైన్ క్లియర్ (కరెంటు ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (లైనుకి కరెంటు ఆపే స్విచ్చు, ఏబీ కేబులుతో దీనికి సంబంధం లేదు) దించి, నాతో పనిచేసే అతను స్తంభమెక్కాడు. లైను చచ్చి ఉంది. పక్కనే ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి. వాళ్ళు వీధి లైనునీ, జనరేటర్‌నీ విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ని నేరుగా ఇంటి వైరింగుకి కలిపి స్టార్టు చేశారు. ఆ కరెంటు వాళ్ళ సర్వీసు వైరు గుండా వెనక్కి లైనులోకి వచ్చింది. బెల్టు ఉండబట్టి మనిషి కిందపడలేదు. కుడి అరచెయ్యి నడిమి నుంచి మణికట్టు దాకా మాంసం ఉడికిపోయింది. ఆర్నెల్ల తర్వాత డ్యూటీకి వచ్చాడు గానీ ఆ చేత్తో ప్లయర్ పట్టుకోలేకపోయేవాడు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతిని ఎడం చేత్తో కప్పుకునేవాడు.

మీ మేడ మీది సోలార్ కూడా ఒక చిన్న జనరేటరే. ఎండ ఉన్నంతసేపూ పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. అందుకే పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కి, అంటే వీధి లైనుకి, కలిపే ఇన్వర్టరులో ఒక కట్టుదిట్టం ఉంటుంది. వీధిలో కరెంటు పోగానే అది తనంతట తాను ఆగిపోతుంది. అంటే మీ ఇంట్లో కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. ఇది చెప్పకుండా అమ్మేస్తారు, తర్వాత జనం మోసపోయామనుకుంటారు. మోసం కాదు, అది స్తంభం మీద ఉన్న మనిషి ప్రాణం. కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దాని ధర వేరు. మీ పాత ఇన్వర్టరుకి దీన్ని కలిపేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నెట్ మీటర్ (లైను నుంచి మీరు తీసుకున్న కరెంటూ, లైనుకి ఇచ్చిన కరెంటూ లెక్కపెట్టే మీటర్) బిగించడానికి వచ్చిన ఉద్యోగిని ఇన్వర్టరు ఇలా ఆగుతోందో లేదో మీ కళ్ళముందే పరీక్షించమని అడగండి. మెయిన్ దించగానే ఆగాలి.

కాగితాల్లో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది పేరు. దరఖాస్తు చేసే మనిషి పేరూ, కరెంటు బిల్లు మీద పేరూ ఒకటే ఉండాలి. సబ్సిడీ పడేది కూడా ఆ మనిషి బ్యాంకు ఖాతాలోనే. మీవారి పేరు మీద సర్వీసు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. చాలామంది పలకలు పెట్టించేసి, డబ్బంతా కట్టేసి, ఆఖర్న ఇక్కడ ఇరుక్కుంటారు. మీవారి మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, మీ పిల్లలు తమకి అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం పెట్టుకుని పేరు మార్పుకి దరఖాస్తు చెయ్యండి. ఇంటి పన్ను కూడా ఆయన పేరు మీదే ఉంటే రెండూ ఒకేసారి మార్పించుకోండి. నాలుగేళ్ళుగా ఆ బిల్లు మీద ఆయన పేరు చూసుకుంటూ ఉండి ఉంటారు. మార్చాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. మా అమ్మ కూడా అలాగే ఏళ్ళ తరబడి మార్చనివ్వలేదు. పాత బిల్లు ఒకటి దాచుకుని మార్పించండి.

పేరు మారాక మిగతాది నడిచిపోతుంది. పీఎం సూర్యఘర్ పోర్టల్లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన పేరుతో ఆపడానికి వీల్లేదు, ఆమోదించినట్టే లెక్క. మంజూరైన లోడు చాలకపోతే పెంచాల్సింది కూడా విద్యుత్ సంస్థే. 5 కిలోవాట్ల లోపుకి ట్రాన్స్‌ఫార్మరో, లైనో పెంచాల్సొచ్చినా ఆ ఖర్చు వాళ్ళదే. పోర్టల్లో నమోదైన వెండరు చేతే పెట్టించాలి, పలకలు మన దేశంలో తయారైనవై ఉండాలి, లేదంటే సబ్సిడీ రాదు. మొదటి 2 కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేలు, మూడో కిలోవాటుకి 18 వేలు, మొత్తం 78 వేలు. ఆ డబ్బు మీ ఖాతాకి వస్తుంది, వెండరుకి కాదు. సబ్సిడీ తానే తెచ్చి ఇస్తానని మీ బ్యాంకు కాగితాల మీద ఖాళీ సంతకాలు అడిగేవాణ్ణి గుమ్మంలోనే పంపించెయ్యండి. సోలార్ సామాను మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత లెక్క వేశాడేమో చూసుకోండి.

లాభమెంతో కూడా చెప్పాలి కదా. 3 కిలోవాట్లకి మన ఎండకి నెలకి సుమారు 350 యూనిట్లు వస్తాయి. 2022-23 టారిఫ్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం 420 యూనిట్లకి వాడకం ఛార్జీ ఒక్కటే 2,743 రూపాయలు. అందులో 350 సోలార్ ఇస్తే మిగిలేది 70 యూనిట్లు, వాటికి 177 రూపాయలు. పై శ్లాబులో యూనిటు 9 రూపాయల 75 పైసలు, అడుగు శ్లాబులో రూపాయి 90 పైసలే. సోలార్ కోసేది పైనుంచి కాబట్టి అంత తేడా. ఫిక్స్‌డ్ ఛార్జీలూ, సర్దుబాటు ఛార్జీలూ విడిగా వస్తాయి. "బిల్లు సున్నా" అని ఎవరైనా అంటే నమ్మకండి. చలికాలంలో మీ వాడకం తగ్గి యూనిట్లు మిగిలితే తర్వాతి నెలకి జమ అవుతాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలకి ఉత్పత్తి ఇంకా పెరుగుతుందనుకుంటారు గానీ, పలక వేడెక్కేకొద్దీ కాస్త తగ్గుతుంది. దాని కింద గాలి ఆడాలి. నేలకి అతికించినట్టు పెట్టనివ్వకండి, రెండడుగులు చాలు.

ఇన్వర్టరు, ఏసీడీబీ డబ్బా (ఇన్వర్టరు నుంచి ఇంటికి వచ్చే కరెంటు స్విచ్చులుండే డబ్బా) కింద మీటరు పక్కన పెట్టనివ్వద్దు. మెట్ల గదిలో, పై అంతస్తు ఎత్తున పెట్టించండి. 2024 సెప్టెంబరు మొదటి రోజు బుడమేరు వాగు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్లో మీటర్లు మునిగిపోయాయి. నీళ్ళలో కరెంటు పారుతున్న డబ్బాలు ఎన్ని ఉన్నాయో తెలియక, జనం మేడ మీద ఉండగా కరెంటు ఇవ్వడానికి లేకపోయింది. బ్రాడీపేటకి బుడమేరు రాదు, కానీ పెద్ద వానకి మీ వీధిలో మోకాటిలోతు నీళ్ళు నిలబడతాయని మీకు నాకంటే బాగా తెలుసు. ఎర్తింగ్ గుంటలు మూడు ఉండాలి: పలకలకి ఒకటి, ఇన్వర్టరు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడిటినీ ఒకే గుంటలో కలిపేసి డబ్బు మిగుల్చుకుంటారు, తవ్వేటప్పుడు దగ్గరుండండి. గుంటలు మీ ఆవరణలోనే తవ్వాలి. రోడ్డు తవ్వితే మాత్రం కార్పొరేషన్ అనుమతి కావాల్సిందే.

ఏఈగారికి ఇచ్చే అర్జీలో పెద్దగా రాయక్కర్లేదు. ఇలా రాయండి: "నా సర్వీసు నంబరు ఫలానా. మా ఇంటి ముందు ఉన్న స్తంభం మీది తీగలు మా మేడ పిట్టగోడకి భద్రతా నిబంధనల్లో చెప్పిన దూరం కంటే దగ్గరగా ఉన్నాయని అనుమానంగా ఉంది. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోబోతున్నాను. దయచేసి దూరం కొలిపించి, చాలకపోతే ఏబీ కేబుల్ వెయ్యడానికి ఎస్టిమేట్ ఇప్పించండి. ఆ స్తంభానికి కట్టిన కేబుల్ వైర్లలో అనుమతి లేనివాటినీ, వాడుకలో లేనివాటినీ తీయించండి. ఫొటోలు జతచేశాను." స్తంభం మీద రంగుతో రాసిన నంబరు ఉంటే అదీ రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్రా తేదీ వేయించుకోండి. నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌కి ఆ ముద్ర ఉన్న ప్రతితో వెళ్ళండి, అక్కడా కాకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. కొలవడానికి లైన్‌మన్ వచ్చిన రోజు మేడ మీద మీ అబ్బాయిని పిట్టగోడకి దూరంగా నిలబడమనండి, ఏబీ స్విచ్ దించారో లేదో అడిగాకే లైన్‌మన్‌ని నిచ్చెన ఎక్కనివ్వండి.